చెవికెక్కిన పుస్తకం

పొద్దున్నే నడకకు వెళ్తూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వంటింట్లో కూరగాయలు తరుగుతూ నవలలు వినేవాళ్లు ఇప్పుడు మన చుట్టూ చాలామందే ఉన్నారు. ఫలానా నవల చదివారా అని అడిగితే మాత్రం తడబడతారు. చదివామంటే అబద్ధమేమో అనిపిస్తుంది, చదవలేదంటే విన్న గంటలన్నీ వృథా అయినట్టనిపిస్తుంది. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లలో కొందరు దీన్ని దొడ్డిదారి అని కొట్టిపారేస్తారు కూడా. ఈ తగవు ఇష్టాయిష్టాల మీద తేలేది కాదు. చదువుతున్నప్పుడు మెదడు ఏమేం పనులు చేస్తుందో విడదీసి చూడాలి. వినేటప్పుడు వాటిలో ఏవి మిగులుతున్నాయో, ఏవి జారిపోతున్నాయో అప్పుడు తెలుస్తుంది.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని ఒక చిన్న గుణకారంగా రాశారు. అక్షరాలను గుర్తుపట్టి మాటలుగా మార్చుకునే నేర్పు అందులో మొదటి అంకె. ఆ మాటలనే ఇంకొకరు చెబితే విని అర్థం చేసుకోగలిగే శక్తి రెండో అంకె. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం. కూడిక పెట్టకుండా గుణకారం ఎందుకు పెట్టారంటే, రెండింటిలో ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే గనక.

దీనికి ఉదాహరణలు మన ఇళ్లలోనే ఉన్నాయి. తెలుగు లిపిలో అచ్చయిన విష్ణు సహస్రనామాన్ని ఎక్కడా ఆగకుండా చదివేసేవాళ్లు ఎందరో. సంస్కృతం రానివాళ్లకు అందులో చాలా నామాల అర్థం తెలియదు. వాళ్ల మొదటి అంకె నిండుగా ఉంది, రెండోది సున్నా దగ్గర ఆగిపోయింది. ఇక ఓనమాలు దిద్దే అవకాశమే రాని ముసలమ్మ పోతన పద్యాలను గజేంద్ర మోక్షం నుంచి వరసగా అప్పజెప్పి, ఎక్కడ కంట తడి పెట్టాలో అక్కడ పెడుతుంది. ఆమె రెండో అంకె మనలో చాలామంది కంటే పెద్దది, మొదటిది సున్నా. ఆమెకు పుస్తకం ఇస్తే చదవలేదు. కానీ ఆమెకు భాగవతం రాదని అనగల ధైర్యం నాకు లేదు.

ఈ గుణకారంలో అసలు సంగతి రెండో అంకెలోనే ఉంది. వినికిడి మీద ఆధారపడిన అవగాహన చదువుకు పక్కన నిలబడే వేరే విద్య కాదు, చదువులో సగభాగమే. బడి చదువు పూర్తయిన పెద్దవాళ్లలో మొదటి అంకె ఇంచుమించు ఒకటికి చేరి ఉంటుంది. అక్షరాలు గుర్తుపట్టడం వాళ్లకు శ్రమే కాదు, కావాలనుకున్నా చదవకుండా ఉండలేరు. రోడ్డు పక్కన బోర్డు కనబడితే కన్ను దానంతటదే చదివేస్తుంది. అటువంటివాళ్లకు ఒక నవల అర్థమైందా లేదా అన్నది రెండో అంకె తేల్చేదే. ఆ అంకె వినేటప్పుడూ అదే, చదివేటప్పుడూ అదే.

ఇది కాగితం మీది సిద్ధాంతం మాత్రమే కాదని 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖలో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. ఫాత్మా డెనిజ్, జాక్ గాలంట్, వాళ్ల సహచరులు తొమ్మిది మందిని ఫంక్షనల్ ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టారు. అమెరికా రేడియోలో వచ్చే ‘మాత్ రేడియో అవర్’ కథలను వాళ్లకు ఒకసారి వినిపించారు, ఇంకోసారి అవే కథలను తెర మీద చదివించారు. మెదడు పైపొరలో ఏ చోట ఏ రకం అర్థానికి స్పందిస్తోందో, కుటుంబానికి సంబంధించిన మాటలకు ఎక్కడ, అంకెలకు ఎక్కడ, చోట్లకు ఎక్కడ అని పటం గీశారు. వినేటప్పటి పటమూ చదివేటప్పటి పటమూ దాదాపు ఒక్కటే వచ్చాయి. వింటున్న మెదడు నుంచి తయారుచేసిన నమూనాతో, చదువుతున్న మెదడు ఎలా స్పందిస్తుందో ముందే చెప్పగలిగారు. శబ్దం చెవి దగ్గర మొదలవుతుంది, అక్షరం కంటి దగ్గర మొదలవుతుంది. అర్థం దగ్గరికి వచ్చేసరికి రెండు దారులూ ఒకే చోటికి చేరాయి.

ఈ ఫలితం వార్తల్లోకి వచ్చినప్పుడు, వినడమూ చదవడమూ ఒకటేనని తేలిపోయిందని చాలామంది రాశారు. నేను అంత దూరం వెళ్లను. కారణం ఆ ప్రయోగం చేసిన తీరులోనే ఉంది. చదివేటప్పుడు వాళ్ల ముందు పేజీ లేదు. ఒక్కో మాట తెర మధ్యలో వచ్చి పోతుంది. అదీ రికార్డింగులో ఆ మాట ఎంతసేపు పలికిందో సరిగ్గా అంతసేపే. రెండింటినీ సమానంగా పోల్చాలంటే శాస్త్రవేత్తలకు అలా చేయక తప్పదు. కానీ అలా చేయగానే చదువరి చేతిలోంచి ఒక ముఖ్యమైన పని తీసేసినట్టయింది. ఆగడం, వెనక్కి వెళ్లడం, తెలిసిన పేరాను గబగబా దాటేయడం అక్కడ కుదరవు. చదువును వినికిడి వేగానికి కట్టేసిన తర్వాత రెండూ ఒకటిగా కనిపించాయి. కట్లు విప్పితే ఏమవుతుంది?

అది తెలియాలంటే కన్ను వరస మీద ఎలా నడుస్తుందో చూడాలి. చదివేటప్పుడు మన చూపు సాఫీగా జారుతున్నట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి అది గెంతుతుంది. ఒకచోట దాదాపు పావు సెకను నిలబడుతుంది, కొన్ని అక్షరాలు దూకి మళ్లీ నిలబడుతుంది. ఈ కదలికల మీద జీవితమంతా పనిచేసిన కీత్ రేనర్ వంటివారి కొలతల్లో తేలింది ఏమిటంటే, ఇంగ్లీషు బాగా చదవగలిగినవాళ్లలో కూడా నూటికి పది పదిహేను గెంతులు వెనక్కి పడేవే. చదివేవాళ్లకు ఆ సంగతే తెలియదు. 2014లో రేనర్ బృందం ఆ వెనుకచూపును అడ్డుకుని చూసింది. కన్ను ఒక మాటను దాటగానే ఆ మాట స్థానంలో అర్థంలేని గుర్తులు వచ్చేలా తెరను అమర్చారు. అలా చేసేసరికి వాక్యాలు అర్థం కావడం తగ్గింది. కన్ను వెనక్కి తిరగడం అలవాటుపడిన బద్ధకం కాదనీ, అవగాహనలో భాగమనీ దాంతో రుజువైంది.

తెలుగులో ఈ వెనుకచూపు అవసరం ఎంతో తెలియాలంటే ఒక్క వాక్యం చాలు: ‘సంతలో కనిపించిన ముసలాయన కొడుకు పట్నం వెళ్లిపోయాడు.’ సంతలో కనిపించింది ఎవరు? ముసలాయనా, ఆయన కొడుకా? అచ్చులో ఈ వాక్యం రెండు రకాలుగానూ సరిపోతుంది. పైకి చదివేవాళ్లు మాత్రం ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. ‘కనిపించిన’ తర్వాత రవ్వంత ఆగి ‘ముసలాయన కొడుకు’ అని కలిపి పలికితే కనిపించింది కొడుకు. ‘కనిపించిన ముసలాయన’ ఒక్క ఊపులో పలికి, ఆ తర్వాత ఆగితే కనిపించింది తండ్రి. విన్నవాళ్లకు సందేహమే రాదు. ఒక వాక్యానికి రెండు దారులుండేవన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు.

మౌనంగా చదివేవాళ్లు కూడా ఇలాంటి చోట లోపల్లోపల ఒక స్వరంతో పలుకుతారనీ, ఆ లోపలి విరుపులే వాక్యం అర్థాన్ని తేలుస్తాయనీ జానెట్ డీన్ ఫోడర్ అనే భాషాశాస్త్రవేత్త ప్రతిపాదించారు. దీనికి బలమిచ్చే సాక్ష్యం 2012లో ఫ్రాన్సు నుంచి వచ్చింది. మూర్ఛవ్యాధికి వైద్యం కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన కొద్దిమంది రోగులు పెదవి కదపకుండా చదువుతుంటే, మనిషి గొంతుకు ప్రత్యేకంగా స్పందించే శ్రవణ ప్రాంతం వాళ్లలో పనిచేయడం కనిపించింది. అంటే చదివేవాళ్లకూ ఒక గొంతు వినిపిస్తుంది. తేడా ఏమిటంటే ఆ గొంతు తమది, దాని విరుపులు తాము పెట్టుకున్నవి. ఆడియోలో విరుపులు చదివి వినిపించేవారివి. కథలో తల్లి ‘వచ్చావా’ అంటుంది. అది ఊరటా, నిష్ఠూరమా, వెటకారమా అన్నది రచయిత పాఠకుడికి వదిలేసి ఉండవచ్చు. గాత్రధారి దాన్ని మనకంటే ముందే తేల్చేస్తారు. మంచి గాత్రధారి తేలిస్తే మనకు తోచని అందం ఒకటి దొరుకుతుంది. పాత పద్యకావ్యాలయితే మరీను, సంధులు విడదీసి, సమాసాన్ని సరైన చోట విరిచి చదివే గొంతు ఉంటే, కంటితో పది నిమిషాలు తంటాలు పడ్డ పద్యం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అక్కడ నేను నిస్సంకోచంగా చెవి పక్షమే.

కట్లు విప్పి చేసిన పరిశోధనలు కూడా ఉన్నాయి. అమెరికాలో బెత్ రోగోవ్‌స్కీ బృందం 2016లో 91 మంది పెద్దవాళ్లకు లారా హిలెన్‌బ్రాండ్ రాసిన ‘అన్‌బ్రోకెన్’ అనే యుద్ధకాలపు నిజగాథలోని కొన్ని భాగాలు ఇచ్చింది. కొందరు విన్నారు, కొందరు ఈ-పుస్తకంలో చదివారు, కొందరు వింటూ చదివారు. వెంటనే పెట్టిన పరీక్షలోనూ, రెండు వారాల తర్వాత పెట్టినదానిలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2010లో డేవిడ్ డానియెల్, విలియం వుడీ కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో మాత్రం కథ అడ్డం తిరిగింది. అక్కడ ఇచ్చింది కథ కాదు, పాఠం. ఒక శాస్త్రీయ వ్యాసాన్ని కొందరు ఇంటి దగ్గర పాడ్‌కాస్టుగా విన్నారు, కొందరు చదివారు. విన్నవాళ్ల మార్కులు చదివినవాళ్ల కంటే 28 శాతం తక్కువ వచ్చాయి. మొదట్లో వినడమే బాగుంటుందని ముచ్చటపడ్డవాళ్లు కూడా పరీక్ష కాగితం అందేముందు, చదివే గుంపులో ఉంటే బాగుండేదని మనసు మార్చుకున్నారు. వాళ్లకు తమ అవగాహనలో ఉన్న బొక్క తెలిసిపోయింది.

2022లో వర్జీనియా క్లింటన్-లిసెల్ ఇటువంటి 46 పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కకట్టారు. మొత్తం మీద చూస్తే చదవడానికీ వినడానికీ మధ్య తేడా లేదన్నంత తక్కువ. కానీ రెండు చోట్ల చదువు ముందుకు వచ్చింది. ఒకటి, చదివేవాళ్లు తమ వేగాన్ని తామే నిర్ణయించుకున్నప్పుడు. రెండు, ప్రశ్న పైపై సంగతుల గురించి కాకుండా, రాయకుండా వదిలేసినదాన్ని ఊహించి చెప్పమన్నప్పుడు. బర్క్‌లీ ప్రయోగంలో కట్టేసింది సరిగ్గా ఈ స్వేచ్ఛనే. కన్నూ చెవీ అన్న తేడా కంటే, కాలం ఎవరి చేతిలో ఉందన్న తేడా పెద్దదని నేను నమ్మడానికి ఇదే ఆధారం.

కథలో కాలం గాత్రధారి చేతిలో ఉన్నా పెద్ద నష్టం లేదు. కథకు వెన్నెముక కాలమే. ఒకటి జరిగాక ఇంకొకటి జరుగుతుంది, మధ్యలో ఒక వాక్యం జారినా తర్వాతి సంఘటన దాన్ని గుర్తుచేస్తుంది. మనిషి కథలు విన్న కాలంతో పోలిస్తే రాత మొన్న మొన్నటిది. తర్కం మెట్టు మెట్టుగా ఎక్కే పుస్తకం అలా కాదు. మూడో మెట్టు దగ్గర మనసు మళ్లితే ఏడో మెట్టు గాలిలో ఉంటుంది. మనసు మళ్లడం గురించి కెనడాలో ట్రిష్ వరావ్ సౌసా బృందం 2013లో నేరుగా పరీక్షించింది. ఒకే రకం పాఠాన్ని పైకి చదివించి, మౌనంగా చదివించి, వినిపించి చూశారు. ధ్యాస అన్నింటికంటే ఎక్కువగా చెదిరింది వినేటప్పుడు, తక్కువగా చెదిరింది పైకి చదివేటప్పుడు. చదివేవాళ్ల ధ్యాస తప్పితే కన్ను ఆగిపోతుందో, అదే వరస మీద తిరుగుతుందో, ఏదో ఒకటి జరిగి పట్టుబడుతుంది. వినేవాళ్ల ధ్యాస తప్పినా గొంతు మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. పోయింది రెండు నిమిషాలో ఇరవై నిమిషాలో కూడా తెలియదు.

వేగం పెంచి వింటే చెడిపోతుందన్న భయం మాత్రం అంతగా అక్కర్లేదు. లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఒక పరిశోధనలో పాఠాల వీడియోలను రెట్టింపు వేగం దాకా పెంచినా విద్యార్థుల అవగాహన పెద్దగా తగ్గలేదు. రెండున్నర రెట్లు చేస్తేనే దెబ్బతింది. ఇంగ్లీషులో మౌనంగా చదివేవాళ్లు నిమిషానికి సగటున 240 మాటల దగ్గర నడుస్తారు, ఆడియో పుస్తకం 150 నుంచి 160 దగ్గర. ఆ మిగులు సమయంలోనే మనసు షికారు వెళ్తుందేమో.

ఇక్కడే ఒక గీత గీసి ముందుకు పోవాలి. ఆడియో పుస్తకమంటే రచయిత రాసిన మాటలను ఉన్నవి ఉన్నట్టుగా చదివి వినిపించినది. హరికథ, ప్రవచనం, పుస్తక పరిచయం వేరు. విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ భారతం చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు రేడియో ముందు కూర్చున్నాయి, కానీ వాళ్లు విన్నది ఉషశ్రీ భారతం. అదొక గొప్ప సృష్టి. కవిత్రయం భారతాన్ని చదివిన లెక్కలో మాత్రం రాదు. సంక్షిప్త రూపాలూ ఈ కోవలోవే. నవలను గంటకు కుదించి చెప్పిన కార్యక్రమం విని, ఆ నవలలోని వాక్యం ఎలా ఉంటుందో తెలిసిందంటే నేను ఒప్పుకోను.

ఇంతవరకూ చెప్పినదంతా చదవడం వచ్చినవాళ్ల గురించి. చదవడం నేర్చుకుంటున్న పిల్లల దగ్గర లెక్క మారిపోతుంది. వాళ్లలో ఇంకా కట్టాల్సింది మొదటి అంకె. దాన్ని వినడం కట్టలేదు. తెలుగులాగే గుణింతాలూ ఒత్తులూ ఉన్న కన్నడ లిపి మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన చెప్పేదేమిటంటే, పిల్లలు నాలుగో తరగతికి వచ్చినా అక్షరాల మొత్తం సముదాయం ఇంకా పూర్తిగా చేతికి రాదు. ఇరవయ్యారు అక్షరాలతో పని అయిపోయే లిపి కాదిది. ఆ నాలుగేళ్లూ కంటికి, చేతికి సాధన కావాలి. ఫోనులో కథ పెట్టి ఇచ్చేసి పిల్లవాడు పుస్తకాలు చదువుతున్నాడనుకుంటే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

ఆ సాధన ఒట్టి బడి మార్కుల కోసం కాదు. అది మెదడును లోతుగా మార్చేస్తుంది. లక్నో చుట్టుపక్కల పల్లెల్లో చదువు రాని పెద్దవాళ్లకు ఆరు నెలల పాటు దేవనాగరి నేర్పి, ముందూ తర్వాతా మెదడును పరీక్షించిన ప్రయోగం 2017లో వెలువడింది. ఫాల్క్ హ్యూటిగ్ నడిపిన ఆ బృందంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన రమేశ్ మిశ్రా ఒకరు. చదువు ముద్ర పైపొరలోనే కాకుండా, చూపును నడిపించే లోపలి పాత భాగాల దాకా కనిపించింది. అంతకంటే విచిత్రమైనది, చదువు రావడం వల్ల వినికిడే మారడం. పోర్చుగల్‌లో జోసే మొరాయిష్ బృందం 1979లోనే దీన్ని గమనించింది. చదువు రాని పెద్దవాళ్లకు ఒక మాటలోంచి మొదటి ధ్వనిని తీసేసి మిగిలింది చెప్పడం చాలా కష్టమైంది. ‘కల’లోంచి క్ తీసేస్తే ‘అల’ అని మనకు తడుతుంది చూడండి, అటువంటి పని. పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లకు అది వచ్చింది. 2010లో స్టానిస్లాస్ డెహేన్ బృందం మెదడు చిత్రాలతో దీన్నే చూపింది. చదువు వచ్చినవాళ్లలో మాటల శబ్దాన్ని పట్టుకునే ప్రాంతం కూడా ఎక్కువ చురుకుగా ఉంది. కాబట్టి ఆడియో పుస్తకాన్ని హాయిగా వింటున్న పెద్దమనిషి చెవి, చిన్నప్పుడు అక్షరాలు దిద్ది పదునెక్కిన చెవి. ఆ పదును పెట్టే పనిని పిల్లలకు తప్పించకూడదు.

అలాగని పిల్లలకు వినిపించడం మానేయమని కాదు, రెండో అంకెను పెంచేది అదే. బొమ్మల పుస్తకాల్లో, పెద్దవాళ్లు పిల్లలతో మామూలుగా మాట్లాడే మాటల్లో కంటే 1.7 రెట్లు ఎక్కువ రకాల పదాలుంటాయని 2015లో జెస్సికా మాంటాగ్ బృందం లెక్కగట్టింది. ఆ పదాలు చదవడం రాకముందే చెవిన పడాలంటే ఎవరో ఒకరు చదివి వినిపించాలి. అక్షరాలను ధ్వనులతో జతచేసి మాటలుగా గుర్తుపట్టడమే కష్టమయ్యే డిస్లెక్సియా పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం. మొదటి అంకె కోసం పోరాడుతున్నన్నాళ్లూ రెండో అంకె ఎండిపోకూడదు. సాంఘిక శాస్త్రం పాఠాన్ని విని నేర్చుకుంటానన్న అటువంటి బిడ్డను, చూసి చదివితేనే చదువు అని కూర్చోబెట్టడం నాకు క్రూరంగా తోస్తుంది.

చెవితో చదవడాన్ని మొదట కోరుకున్నది చూపులేనివాళ్ల కోసం. ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన మరుసటి ఏడే, 1878లో ఎడిసన్ తన యంత్రం ఉపయోగాలను రాస్తూ చూపులేనివారి కోసం మాట్లాడే పుస్తకాలను చేర్చాడు. అప్పటి సిలిండర్ మీద నాలుగు నిమిషాలు కూడా పట్టేది కాదు. నవలంత పొడుగు రికార్డులు రావడానికి 1930లు కావలసి వచ్చింది. బ్రిటన్‌లో 1935లో మొదటగా అందిన వాటిలో అగాథా క్రిస్టీ అపరాధ పరిశోధన నవల ఒకటి. చూపులేనివాళ్లలో కూడా వినడం బ్రెయిలీకి బదులు కాదు. పుట్టుకతో చూపు లేనివాళ్లు వేళ్లతో బ్రెయిలీ చదువుతుంటే, చూపున్నవాళ్లలో అక్షరాలను గుర్తుపట్టే ప్రాంతమే వాళ్లలోనూ పనిచేస్తుందని 2011లో ఇజ్రాయెల్‌లో ఆమిర్ అమేడి బృందం కనుగొంది. వేలికొసలు కూడా అక్షరాలను చదువుతాయి, మొదటి అంకె వేళ్లతోనూ వస్తుంది.

కాలం ఎవరి చేతిలో ఉందన్న సమస్యకు పరిష్కారం వెతికింది కూడా వాళ్ల ప్రపంచమే. స్వీడన్‌లో మొదలై, 1996 నుంచి అంతర్జాతీయ సంఘం చూసుకుంటున్న డైసీ అనే పద్ధతిలో తయారైన పుస్తకం ఒట్టి ధ్వని కాదు. అధ్యాయం, ఉపశీర్షిక, పేజీ, వాక్యం, అన్నింటికీ లోపల గుర్తులుంటాయి. చూపులేని విద్యార్థి 143వ పేజీకి సూటిగా వెళ్లగలడు, అర్థం కాని వాక్యాన్ని మాత్రం మళ్లీ వినగలడు, తెలిసిన ఉపశీర్షికను దాటేయగలడు. కంటికి ఉన్న వెనుకచూపు ఇక్కడ చెవికి వచ్చింది. ఇటువంటి ప్రతులు తయారుచేసి పంచుకోవడానికి కాపీరైటు అడ్డు రాకుండా 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరితే, మరుసటి ఏడు దాన్ని ఆమోదించిన మొదటి దేశం మనదే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అలాంటి పుస్తకాలను ఒకచోట చేర్చింది.

మామూలు శ్రోతల కోసం అమ్మే ఆడియో పుస్తకాల్లో ఈ సౌకర్యం చాలావరకు కనిపించదు. పదిహేను సెకన్లో ముప్ఫై సెకన్లో వెనక్కి జరిపే బొత్తం ఒకటుంటుంది. అది వాక్యం మధ్యలో ఎక్కడో పడేస్తుంది. నవలకైతే సరిపోతుంది. చరిత్ర, విజ్ఞానం, తత్వం వినిపించేవాళ్లు వాక్యానికీ పేరాకూ గుర్తులు పెట్టి, ఒక్క తాకుడుతో వాక్యం మొదటికి వెళ్లేలా చేస్తే, ఇన్నాళ్లూ కాగితానికే సాధ్యమైన పనిలో సగమైనా చెవికి అందుతుంది. ఆ పద్ధతి పాతికేళ్లకు పైగా పనిచేస్తూనే ఉంది. తెలుగులో ఆడియో పుస్తకాలు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి కాబట్టి, మొదటి నుంచే అలా తయారుచేసుకోవడానికి అడ్డమేమీ లేదు.